అభిమానం ఉందని ఎంతైనా పెట్టాలా?

ప్రశ్న: సార్, ఒక సింగర్‌కి కాలేజీ రోజుల నుంచీ పిచ్చి అభిమానిని. హైదరాబాద్‌లో ఆయన ప్రోగ్రాం అంటే చాలు, నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేయడమే. మొదట్లో వెయ్యి లోపే టికెట్ దొరికేది, స్టేజీ కూడా కనపడేది. ఈసారి అందరికంటే వెనక నిలబడడానికే 3,500 అన్నారు. సరే అని నొక్కితే జీఎస్టీ, కన్వీనియన్స్ ఫీజు, ఆ ఫీజు మీద మళ్లీ జీఎస్టీ, చివరికి 4,400 తేలింది. స్టేజీ ముందు ఫ్యాన్ పిట్ అయితే 12,000 అంట. అక్కడుండేవాళ్లకి ఒక్క పాటా పూర్తిగా రాదు, ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తుంటారు. ఆయన్ని ఇంతవాణ్ణి చేసింది నాలాంటోళ్లం కాదా? మానేద్దామంటే మనసొప్పడం లేదు.
- ఓ అభిమాని, పాలకొల్లు

జవాబు: మీ కోపం న్యాయమే. కానీ రేటు సింగర్ ఒక్కడే కూర్చుని రాసేది కాదండీ. క్యాసెట్లు, సీడీలు అమ్ముడుపోయిన రోజుల్లో వాటి మీద కూడా డబ్బొచ్చేది. ఇప్పుడు ఫోన్‌లో పాట ఒకసారి వింటే వచ్చేది పైసల్లోనే, పాడేవాళ్లకీ వాయించేవాళ్లకీ గట్టిగా నాలుగు రాళ్లు మిగిలేది స్టేజీ మీదే. దానికి ఎల్‌ఈడీ తెరలు, జనరేటర్లు, బౌన్సర్లు, గ్రౌండు అద్దె తోడు. 500 దాటిన టికెట్ మీద 18 శాతం జీఎస్టీ ఒకటి. 500 లోపైతే అసలు లేదు, కానీ పెద్ద సింగర్ ప్రోగ్రాంకి ఆ రేటు పెట్టే నాథుడెవడు?

ఇదంతా ఒప్పుకున్నా, ఖర్చు పెరిగింది కాబట్టే రేటు పెరిగిందంటే మాత్రం నేను నమ్మను. ఎర్లీ బర్డ్, ఫేజ్ వన్, ఫేజ్ టూ అంటూ అదే చోటుని విడతవిడతకీ పెంచి అమ్మేది మన టెన్షన్ మీదే. 2024లో ఎప్పుడో విడిపోయిన ఒయాసిస్ అనే రాక్ బ్యాండ్ మళ్లీ కలుస్తోందని బ్రిటన్‌లో జనం గంటల తరబడి ఆన్‌లైన్ క్యూలో పడిగాపులు కాస్తే, తీరా వాళ్ల వంతు వచ్చేసరికి సుమారు 150 పౌండ్లు అనుకున్న స్టాండింగ్ టికెట్ 350 దాటింది. గొడవ ముదిరి అక్కడి నియంత్రణ సంస్థ విచారణ పెట్టింది. మీరు ఆయన్ని ఇంతవాణ్ణి చేశారన్నది నిజమే, అమ్మేవాడి లెక్కలో మాత్రం పదేళ్ల అభిమానీ నిన్న రీల్ చూసినవాడూ ఒకటే.

మన దగ్గర కూడా ఒక దారి ఉంది. మొదట ఒక రేటు చూపించి చివరి పేజీలో ఫీజులు కలపడాన్ని డ్రిప్ ప్రైసింగ్ అంటారు. దాన్నీ, "ఇంకా రెండే ఉన్నాయి" అని ఉత్తినే భయపెట్టడాన్నీ కేంద్రం 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్స్ (అంటే ఆన్‌లైన్‌లో కొనేవాళ్లని బురిడీ కొట్టించే ఎత్తులు) మార్గదర్శకాలతో నిషేధించింది. స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అసలు రేటు తగ్గదు గానీ, చెప్పకుండా కలిపిన ఫీజు గురించి అడిగే హక్కు మీకుంది.

ఇక వెళ్లాలా వద్దా అంటే, ఆ వెనక టికెట్ మాత్రం వద్దు. 4,400 పోసి, రైల్లో రాత్రంతా వెళ్లి, ప్రోగ్రాం అయ్యాక అర్ధరాత్రి ఆటోవాడు అడిగింది చచ్చినట్టు ఇచ్చి, మీరు చూసేది ఎల్‌ఈడీ తెరనే కదా! ఈసారి ఆగి, రెండేళ్లకోసారైనా సరే కుర్చీ ఉన్న టికెట్ తీసుకోండి. ఈలోగా సంక్రాంతి నుంచి భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాలున్నాయి, మీకు కూతవేటు దూరం, టికెట్ గొడవ లేదు. అక్కడ మీ సింగర్ పాట ఎవరైనా కుర్రాడు బాగా పాడితే ఓ వంద చదివించండి.

ప్రశ్న: టికెట్లన్నీ అయిపోయాయి. టెలిగ్రామ్ గ్రూపులో ఒకాయన డబుల్ రేటుకి క్యూఆర్ కోడ్ పంపిస్తానంటున్నాడు. కొనొచ్చా?
- ఓ పాఠకురాలు, అమలాపురం

జవాబు: వద్దమ్మా. అదే కోడ్ ఇంకో పదిమందికీ అమ్మొచ్చు, గేటు దగ్గర ముందు ఎవరిది స్కాన్ అయితే వాళ్లే లోపలికి. మిగతావాళ్లు డబ్బులడుగుదామని చూసేసరికి ఆ అకౌంటే ఉండదు.