వాయుగుండం వేళ నవ్వొచ్చా?

ప్రశ్న: అమ్మగారూ, మాది బాపట్ల దగ్గర తీరగ్రామం. వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, నాకు కాళ్లూ చేతులూ ఆడవు. రాత్రంతా ఫోన్ చూస్తూనే ఉంటాను. పక్కన పిల్లలు నవ్వుకుంటుంటే కసురుతున్నాను. ఏం చేయను?

జవాబు: తల్లీ, నాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన మనిషిని. నీ భయం ఉత్తిదని చచ్చినా అనను. ఆనాడు మాకు కబురే సరిగా అందలేదు. నీకిప్పుడు కబుర్లు మరీ ఎక్కువయ్యాయి. తుపానుగా మారాక వాతావరణ శాఖ మూడు గంటలకోసారి ప్రకటన ఇస్తుంది. అది చూడు, చాలు. మధ్యలో వచ్చే వాట్సాప్ వీడియోలు ఎప్పటివో, ఎక్కడివో!

ముందు చేతులకు పని చెప్పు. ఆధార్, పాసుపుస్తకాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టు, బిందెలు నింపు, ఫోన్ ఛార్జింగ్ పెట్టు. ఊరు ఖాళీ చేయమంటే మారుమాట లేకుండా తుపాను షెల్టర్‌కి వెళ్లు.

ఆ తర్వాత పిల్లల దగ్గర కూర్చో. ఉప్పెన తర్వాత శిబిరంలో మా అమ్మ నన్ను ఒళ్లోకి లాక్కుని, అట్టకట్టిన జుట్టు వేళ్లతోనే చిక్కు తీసి, చీర అంచు చింపి జడకు కట్టింది. "బాగుందా?" అంటే పకపకా నవ్వాను. మావాళ్లను పోగొట్టుకున్న వారమే అది. ఆ నవ్వు ఎవరికీ అపచారం కాలేదమ్మా. పిల్లలు వామనగుంటలు ఆడుతుంటే నీకూ నాలుగు చింతపిక్కలు పెట్టమను.

వాన వెలిశాక కూడా నిద్ర పట్టకపోతే, గుండెదడ తగ్గకపోతే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్లకు సాయం చేసే ఫోన్ సేవ, ప్రభుత్వానిదే. డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.