చేతిలో ఉన్నవి ఇరవై రోజులు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. నీ మెయిల్ ఆదివారం పొద్దున చూశాను. అమెరికా కాంగ్రెస్ సభ్యురాలి కార్యాలయంలో చేరి ఏడాది తిరగకముందే, నవంబరు ఎన్నికల తర్వాత జరిగే సమావేశాలకు పనుల జాబితా తయారుచేసే బాధ్యత నీ మీద పెట్టారంటే నీ మీద వాళ్లకు గట్టి నమ్మకం కుదిరిందన్న మాట. చాలా సంతోషం. నువ్వు రాసిన తొమ్మిది పనులూ మంచివే, కొట్టిపారేయదగ్గది ఒక్కటీ లేదు. అయినా వాటిలో ఎనిమిదింటిని పక్కన పెట్టమని అడగడానికే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక కాగితం తీసుకుని రోజులు లెక్కపెట్టు. ఎన్నికలయ్యాక ప్రతినిధుల సభ, సెనేట్ రెండూ మళ్లీ కూర్చునేది నవంబరు మధ్యలో. వెంటనే థాంక్స్‌గివింగ్ పండగ వారం పోతుంది. క్రిస్మస్‌కు రెండు మూడు రోజుల ముందే అందరూ విమానాలు ఎక్కేస్తారు. శని ఆదివారాలు, సభ్యులు సొంత ఊళ్లలో గడిపే సోమ శుక్రవారాలు తీసేస్తే నిజంగా పని జరిగే రోజులు ఇరవై దాటితే గొప్ప. జనవరి 3 మధ్యాహ్నంతో ఈ కాంగ్రెస్ రెండేళ్ల గడువు తీరుతుంది. 1933లో వచ్చిన 20వ రాజ్యాంగ సవరణ పెట్టిన గీత అది. అంతకు ముందు మార్చి 4 దాకా ఉండేది. ఆ గీత దాటేసరికి పూర్తికాని బిల్లులన్నీ చెల్లిపోతాయి. రెండేళ్ల శ్రమ, విచారణలు, సాక్ష్యాలు, సంతకాలు ఏవీ లెక్కలోకి రావు. కొత్త నంబరుతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఇప్పుడు సెనేట్ లెక్క చూడు. గొడవ ఉన్న బిల్లయితే చర్చ ముగించాలని తీర్మానం పెట్టాలి. పెట్టిన రోజు పోతుంది, మధ్యలో ఒక రోజు ఆగాలి, ఆ మర్నాడు ఓటింగు. వంద మందిలో అరవై మంది కలిసి రావాలి. నెగ్గినా మరో 30 గంటలు చర్చ సాగించే హక్కు ఎదుటివాళ్లకు ఉంటుంది. ఇదంతా బిల్లును చర్చకు తీసుకోవడానికి ఒకసారి, బిల్లు మీద మరోసారి జరగవచ్చు. ఒక్క బిల్లుకే వారం హారతి కర్పూరంలా కరిగిపోతుంది. కాబట్టి ఆ ఇరవై రోజుల్లో అసలు కరెన్సీ ఓట్లు కాదు, గంటలు. నీ బిల్లు సభ సమయం ఎంత తక్కువ తీసుకుంటే దానికి అంత ఆయుష్షు. ఇది నాకు అర్థం కావడానికి పదేళ్లు పట్టింది. నీకు మొదటి ఏడాదే తెలియాలని నా తాపత్రయం.

2010 డిసెంబరు నా కళ్లముందు ఇంకా అలాగే ఉంది. ఆ నవంబరులో రిపబ్లికన్లు ప్రతినిధుల సభలో 63 స్థానాలు అదనంగా గెలిచారు. జనవరి నుంచి సభ వాళ్లది. అప్పటిదాకా మాత్రం డెమోక్రాట్లది. ఓడిన పార్టీ చేతిలో ఆరు వారాలు, మోయలేనంత జాబితా: బుష్ కాలపు పన్ను తగ్గింపులు ఏడాది చివర ముగుస్తున్నాయి, ప్రభుత్వ ఖర్చులకు నిధులు లేవు, రష్యాతో అణ్వాయుధ ఒప్పందం ఆమోదం పొందలేదు, సైన్యంలో స్వలింగ సంపర్కులు తమ సంగతి బయటపెట్టకూడదన్న నిబంధన ఎత్తివేయాలి, పిల్లలుగా వచ్చి ఇక్కడే పెరిగినవాళ్ల కోసం డ్రీమ్ బిల్లు, ఆహార భద్రత, సెప్టెంబరు 11 నాడు సహాయక చర్యల్లో పాల్గొని జబ్బుపడ్డవాళ్లకు వైద్యం. సెనేట్‌లో ఉన్న 42 మంది రిపబ్లికన్లూ కలిసి అక్కడి డెమోక్రాట్ల నాయకుడు హ్యారీ రీడ్‌కు లేఖ రాశారు. పన్నులు, నిధుల సంగతి తేలేదాకా మరే బిల్లునూ ముందుకు కదలనివ్వమని. ఒక్క సంతకం కూడా తగ్గలేదు.

నేను అప్పుడు ప్రతినిధుల సభలో ఒక సభ్యుడి దగ్గర పనిచేసేవాణ్ని. ఆ లేఖ చదివి మా కార్యాలయంలో కుర్రవాళ్లు మండిపడ్డారు. మా సభ్యుడు మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "వాళ్లకు ఏం కావాలో రాతపూర్వకంగా ఇచ్చారు, ఇంతకన్నా సాయం ఏం చేస్తారు?" అన్నారు. నిజంగానే ఆ లేఖే దారి చూపింది. డిసెంబరు 6న ఒబామా పన్నుల మీద రాజీ ప్రకటించారు. రెండేళ్లు తగ్గింపుల పొడిగింపు రిపబ్లికన్లకు, 13 నెలలు నిరుద్యోగ భృతి డెమోక్రాట్లకు. సొంత పార్టీలో చాలామందికి అది మింగుడుపడలేదు. సెనేటర్ బెర్నీ శాండర్స్ ఎనిమిదిన్నర గంటలు నిలబడి వ్యతిరేకంగా మాట్లాడారు. అయినా సెనేట్‌లో 81-19తో నెగ్గింది. ఆ తాళం తీసిన తర్వాతే మిగతా తలుపులు కదిలాయి.

అమ్మా, పార్టీల పోట్లాటను చూసి బెంబేలు పడవద్దు. ప్రతి పోట్లాటలోనూ ఒక ప్రశ్న వేసుకో: జనవరి దాకా ఆగితే వీళ్లకు లాభమా, ఇప్పుడే ముగిస్తే లాభమా? జనవరిలో బలం పెరిగేవాళ్లు ఆగుదామంటారు, తరిగేవాళ్లు తొందరపడతారు. అందులో కోపగించుకోవాల్సింది ఏమీ లేదు, మనమైనా అదే చేస్తాం. కానీ ఒకే పార్టీవాళ్లు ఒక విషయంలో ఆగుదామని, మరో విషయంలో ముగిద్దామని అనుకోవచ్చు. 2018లో డిసెంబరు ఒకే వారంలో సరిహద్దు గోడ నిధుల మీద పట్టుదలకు పోయి ప్రభుత్వంలో కొంత భాగం మూతపడింది, 35 రోజులు తెరుచుకోలేదు. అదే వారంలో జైళ్ల సంస్కరణల ఫస్ట్ స్టెప్ చట్టం సెనేట్‌లో 87-12తో దాటింది. కొట్టుకుంటున్నవాళ్లూ, చేతులు కలిపినవాళ్లూ వాళ్లే. టీవీలో మొదటిది మాత్రమే కనిపిస్తుంది. నువ్వు రెండోదాన్ని వెతుక్కోవాలి.

మళ్లీ 2010కే వస్తాను. డిసెంబరు 18 శనివారం. సైన్యం నిబంధన ఎత్తివేతను మొదట రక్షణ శాఖ బిల్లులో కలిపి తెచ్చారు. 9వ తేదీన 57-40తో అక్కడే ఆగిపోయింది. అందరూ ఇక అయిపోయిందన్నారు. సెనేటర్లు జో లీబర్‌మన్, సూసన్ కాలిన్స్ కలిసి దాన్ని పెద్ద బిల్లు నుంచి విడదీసి విడి బిల్లుగా మళ్లీ తెచ్చారు. శనివారం 63-33తో అడ్డంకి దాటింది, ఆ రోజే 65-31తో ఆమోదం పొందింది. అంతకు కాసేపు ముందు అదే సభలో డ్రీమ్ బిల్లు 55-41తో నిలిచిపోయింది. ఐదు ఓట్లు తక్కువ. ప్రేక్షకుల గ్యాలరీలో పట్టాల రోజు వేసుకునే టోపీలతో కూర్చున్న పిల్లల్ని నేను చూశాను. వాళ్ల ముఖాలు ఇప్పటికీ మరచిపోలేను. ఆ రోజు వ్యతిరేకంగా వేసినవాళ్లలో ఐదుగురు డెమోక్రాట్లు. అనుకూలంగా వేసిన ముగ్గురు రిపబ్లికన్లలో ఒకరు యూటా సెనేటర్ బాబ్ బెనెట్. ఆ ఏడాదే సొంత పార్టీ ఆయనకు మళ్లీ టికెట్ నిరాకరించింది. ఎదుటి పార్టీని తిట్టుకునే ముందు మన పక్క వరసలు లెక్కపెట్టుకోవాలని, వెళ్లిపోతున్నవాళ్ల తలుపు తప్పకుండా తట్టాలని ఆ శనివారం నాకు నేర్పింది.

వెళ్లిపోతున్నవాళ్ల గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. డిసెంబరు మొదటి వారంలో కార్యాలయ భవనాల వరండాల్లో నడిచి చూడు. గోడ వెంట కుర్చీలు బోర్లించి ఉంటాయి, తలుపుల పక్కన పేరు పలకలు తీసేసిన చోట మేకుల గుర్తులు కనిపిస్తాయి. ఓడిన సభ్యుడి గది కొత్తవాళ్లకు వెళ్లిపోతుంది. ఆయన ఇంకా ఓటు వేసే సభ్యుడే, కానీ కూర్చోవడానికి ఒక చిన్న బల్ల, ఒక ఫోను మిగులుతాయి. ఆయన సిబ్బందికి జనవరి 3 తర్వాత జీతం లేదు. ఒకసారి మా బిల్లు కోసం అలాంటి కార్యాలయానికి వెళితే, ఒక అమ్మాయి ఒంటరిగా ఫైళ్లు అట్టపెట్టెల్లో సర్దుతోంది. నేను వచ్చిన పని చెప్పకుండా టేపు పట్టుకుని పెట్టెలు మూయడానికి సాయం చేశాను. గంట తర్వాత ఆమే అడిగింది, ఏం పని మీద వచ్చారని. చెప్పాను. మర్నాడు వాళ్ల సభ్యుడి ఓటు మాకు వచ్చింది. ఓటు కోసం సాయం చేయమని చెప్పడం లేదు తల్లీ. ఆ రోజుల్లో ఆ గదుల్లోకి ఎవరూ వెళ్లరు, నువ్వు వెళ్లు.

ఇక మనవాళ్లందరికీ తెలిసిన కథ. గ్రీన్‌కార్డుల్లో ఉద్యోగాల కోటా ఏడాదికి లక్షా నలభై వేలు, ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. భారతీయుల వరస ఎందుకు తరగదో నీకు చెప్పనక్కరలేదు, మన ఇళ్లలోనే ఆ వరసలో నిలబడ్డవాళ్లు ఉన్నారు. ఆ పరిమితి ఎత్తేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. సెనేట్‌లో ఒక్కొక్క సభ్యుడి అభ్యంతరాన్నీ తీర్చుకుంటూ, సెనేటర్ మైక్ లీ తన బిల్లుగా 2020 డిసెంబరు 2న ఏకగ్రీవ సమ్మతితో దాటించారు. ఆ రాత్రి డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి నాకు ఫోన్లే ఫోన్లు. ఒకాయన హైదరాబాదులో ఉన్న తల్లిని నిద్రలేపి మరీ చెప్పానన్నాడు. ఇల్లు అలకగానే పండగ కాదు బాబూ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సెనేట్ దాటించింది సవరణలతో. ప్రతినిధుల సభ దాటించింది వేరే పాఠం, అంటే బిల్లులో రాసిన మాటలే వేరు. రెండు సభలూ ఒకే పాఠాన్ని, అక్షరం తేడా లేకుండా ఆమోదిస్తేనే చట్టం. మిగిలింది నెల రోజులు, అందరి దృష్టీ కోవిడ్ సాయం మీద. ప్రతినిధుల సభ దాన్ని చేపట్టలేదు. జనవరి 3న బిల్లు చెల్లిపోయింది. 2022 డిసెంబరులో అలాంటిదే మరో బిల్లును ఓటింగు అంచుదాకా తెచ్చి వెనక్కి తీసుకున్నారు.

అదే తప్పు నేనూ చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ఒక డిసెంబరులో మా బిల్లు మా సభలో నెగ్గింది. సెనేట్‌లో ఒక కార్యాలయం అందులో ఒక నివేదిక గడువును ఆరు నెలల నుంచి ఏడాదికి మార్చమంది. సరే అన్నాను. సెనేట్ అర్ధరాత్రి దాటించింది. పొద్దున్నే ఆ ఒక్క మార్పు కోసం మళ్లీ మా సభలో ఓటు కావాలని గుర్తొచ్చేసరికి, మా సభ ముందురోజు సాయంత్రమే ముగించుకుని వెళ్లిపోయింది. మా సభ్యుడు ఒక్క మాట అనలేదు. కోటు తీసుకుని బయటికి నడిచారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకని నీ తొమ్మిదిలో గ్రామీణ ఆసుపత్రుల నర్సుల శిక్షణ బిల్లు ఒక్కటి ఉంచు. మిగతావన్నీ జనవరిలో మళ్లీ పెట్టవచ్చు. ఇది మాత్రం కమిటీ దాటింది, రెండు పార్టీలవాళ్లూ సంతకం చేశారు, ఖర్చు అంచనా కూడా వచ్చింది. ఎన్నికల్లో ఓడినవాళ్లు చివరి వారాల్లో పెద్ద చట్టాలు చేయడం న్యాయమా అని కొందరు అడుగుతారు. అది సరైన ప్రశ్నే. ప్రజలు వాళ్లను ఎన్నుకున్నది జనవరి 3 దాకా, కాబట్టి హక్కు ఉంది. కానీ ఎవరూ చదవని, ఏ కమిటీలోనూ చర్చించని సంగతిని అర్ధరాత్రి దూర్చడం నాకు నచ్చదు. నువ్వు ఆ పని చేయవద్దు, ఎవరు అడిగినా.

విడిగా వెళితే నీ బిల్లుకు గంటలు దొరకవు. వెళ్లే బండి ఏదో చూసుకుని ఎక్కించాలి. రక్షణ శాఖ బిల్లు అరవై ఏళ్లకు పైగా ఏటా ఆమోదం పొందుతూ వస్తోంది, చివర్లో నిధుల బిల్లు ఒకటి తప్పకుండా వస్తుంది. ఊరికి వెళ్లే రాత్రి ఆఖరి బస్సులా అందరూ దాని మీదే పడతారు, కిటికీలోంచి తుండుగుడ్డ వేసి సీటు ఆపుకునేవాళ్లతో సహా. అందులో చోటు కావాలంటే నాలుగు మూలలూ ఒప్పుకోవాలి: రెండు సభల్లోనూ నీ బిల్లుకు సంబంధించిన కమిటీ అధ్యక్షుడు, ఆ కమిటీలో ఎదుటి పార్టీ తరఫు ముఖ్య సభ్యుడు. ఆ నలుగురిలో ఒక్కరు కాదన్నా దింపేస్తారు. నవంబరు నెలాఖరుకు నలుగురి సిబ్బంది దగ్గరి నుంచీ ఔనన్న మాట మెయిల్ రూపంలో నీ దగ్గర ఉండాలి. ఫోన్లో అన్న మాట సరిపోదు.

ఇంకో దారి కూడా సిద్ధంగా ఉంచుకో. 2010లో ఆహార భద్రత బిల్లు సెనేట్‌లో 73-25తో నెగ్గాక తెలిసింది, అందులో రుసుముల నిబంధన ఉందని. ఆదాయం తెచ్చే బిల్లులు ప్రతినిధుల సభలోనే పుట్టాలని రాజ్యాంగం. అంతా వృథా అనుకున్నారు. చివరికి పాత కార్ల మార్పిడి కోసం ఎప్పుడో ప్రతినిధుల సభలో పుట్టి సెనేట్‌లో పడి ఉన్న ఒక బిల్లును తీసి, లోపలిది ఖాళీ చేసి, ఆహార భద్రత పాఠం నింపి పంపారు. డిసెంబరు 21న ప్రతినిధుల సభలో 215-144తో పూర్తయింది. అలాంటి ఖాళీ బిల్లు ఏదైనా మీ కమిటీకి సంబంధించినది సెనేట్‌లో ఉందేమో ఇప్పుడే వెతికిపెట్టు. డిసెంబరు 20 నాడు వెతకడానికి తీరిక ఉండదు.

మీ పాఠం తాజా ప్రతిని, సెనేట్ ప్రతిని పక్కపక్కన పెట్టి నాకు పంపు. శుక్రవారం రాత్రికి వస్తే శనివారం నేను, మీ పెద్దమ్మ కూర్చుని ఒకరు చదువుతుంటే ఒకరు సరిచూస్తాం. కామాలతో సహా. ఆమెకు కళ్లు నాకన్నా బాగా కనిపిస్తాయి.

నీ పెద్దనాన్న