ఫైనాన్స్ ఉద్యోగానికి ఎకనామిక్స్ పీజీ అవసరమా?

ప్రశ్న: డిగ్రీలో ఎకనామిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఫైనాన్స్ రంగంలో స్థిరపడాలని ఉంది. ఎకనామిక్స్‌లోనే పీజీ చేయమంటారా, ఫైనాన్స్‌కు మారమంటారా?

జవాబు: ఫైనాన్స్‌లో ఏ పని చేయాలనుకుంటున్నారో మీరు రాయలేదు. జవాబంతా దాని మీదే ఉంది.

ఈక్విటీ రీసెర్చ్, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ లాంటి, కంపెనీల విలువ కట్టే పని మీద ఆసక్తి ఉంటే ఎకనామిక్స్ పీజీ వద్దనే చెబుతాను. అక్కడ మీకు కొరవడేది అకౌంటింగ్. ఇంకో రెండేళ్లు ఎకనామిక్స్ చదివినా ఆ లోటు అలాగే ఉంటుంది. ఇంటర్వ్యూల్లో తరచూ వచ్చే ప్రశ్న ఒకటి చూడండి: తరుగుదల (ఆస్తుల విలువ ఏటా తగ్గేదాన్ని ఖర్చుగా చూపడం) 10 పెరిగింది, పన్ను 25 శాతం. మూడు స్టేట్‌మెంట్లూ (లాభనష్టాల ఖాతా, క్యాష్ ఫ్లో, బ్యాలెన్స్ షీట్) ఎలా మారతాయి? నికర లాభం 7.5 తగ్గుతుంది. తరుగుదల పేరుతో డబ్బు బయటకు పోదు కాబట్టి క్యాష్ ఫ్లోలో ఆ 10 తిరిగి కలుస్తుంది, నగదు 2.5 పెరుగుతుంది. బ్యాలెన్స్ షీట్‌లో స్థిరాస్తులు (యంత్రాలు, భవనాల లాంటివి) 10 తగ్గి, నగదు 2.5 పెరిగి, మొత్తం ఆస్తులు 7.5 తగ్గుతాయి. అవతలి వైపు రిటెయిన్డ్ ఎర్నింగ్స్ (కంపెనీలోనే ఉంచుకున్న లాభాలు) కూడా అంతే తగ్గుతాయి. లాభం తగ్గింది కాబట్టి నగదూ తగ్గుతుందని చెప్పేశారంటే ఇంటర్వ్యూ దాదాపు అయిపోయినట్టే.

బాండ్లు, కరెన్సీల పరిశోధన, దేశాలకు రేటింగ్ ఇచ్చే విభాగాలు, కేంద్ర బ్యాంకులు, క్రెడిట్ రిస్క్ మోడలింగ్... వీటిలో పీజీకి విలువ ఉంది. ఉదాహరణకు 2018లో అమల్లోకి వచ్చిన ఐఎఫ్ఆర్ఎస్ 9 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం, ఇచ్చిన అప్పులపై రాగల నష్టాన్ని బ్యాంకులు ముందే అంచనా వేసి కేటాయింపులు చూపాలి. నిరుద్యోగం, జీడీపీ, వడ్డీ రేట్లు ఎటు కదలవచ్చో ఆ అంచనాలోకి రావాలి. ఇది ఎకనామెట్రిక్స్ (ఆర్థిక డేటాను గణాంక పద్ధతులతో విశ్లేషించడం) బాగా వచ్చినవాళ్ల పని.

అలాగని ఏ పీజీ అయినా ఫర్వాలేదనుకోకండి. సిలబస్ తెరిచి టైమ్ సిరీస్ (కాలక్రమంలో నమోదైన డేటా) ఎకనామెట్రిక్స్ ఉందో లేదో ముందు చూడండి. నిలకడ లేని (సగటు, ఒడిదుడుకులు కాలంతో మారిపోయే) రెండు సిరీస్‌లను తీసుకుని రిగ్రెషన్ చేస్తే (ఒకదానితో ఇంకోదాన్ని అంచనా వేస్తే), వాటి మధ్య ఏ సంబంధం లేకపోయినా ఆర్-స్క్వేర్ (మోడల్ డేటాకు ఎంత సరిపోయిందో చెప్పే కొలమానం) ఘనంగా రావచ్చు. గ్రాంజర్, న్యూబోల్డ్ అనే పరిశోధకులు 1974లోనే దీన్ని చూపించారు. అయినా షేర్ ధరలను నేరుగా మోడల్‌లో పెట్టేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ వాడాల్సింది ధరలు కాదు, రాబడులు (ధరల్లో వచ్చే శాతం మార్పు). రాబడుల ఒడిదుడుకులకు ఆర్థికవేత్త ఎంగిల్ 1982లో ఇచ్చిన ఆర్చ్ మోడల్, దాని తర్వాత వచ్చిన గార్చ్, వాటిని పైథాన్ లేదా ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో స్వయంగా నడిపించే ల్యాబ్ ఉంటే ఆ కోర్సు మీకు పనికొస్తుంది. అంతా సిద్ధాంతాలూ ఆర్థిక చింతన చరిత్రే అయితే అది మంచి చదువే, కానీ ఈ ఉద్యోగాలకు దారి చూపదు.

సీఎఫ్ఏ (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్ అనే మూడు లెవెల్స్ పరీక్ష) సంగతి. డిగ్రీ పూర్తి కావడానికి 23 నెలల లోపు ఉన్నవాళ్లు లెవెల్ 1 రాయవచ్చు, అంటే మీకు ఇప్పుడే అర్హత ఉంది. ఎకనామిక్స్ వచ్చు కదా అన్న ధీమా మాత్రం పనికిరాదు: లెవెల్ 1లో దాని వాటా 6 నుంచి 9 శాతమే, ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్ల విశ్లేషణది 11 నుంచి 14. ఒక్కో లెవెల్‌కు సుమారు 300 గంటల చదువు పెట్టుకోవాలి. మూడు లెవెల్స్ పాసైనా చార్టర్ (సీఎఫ్ఏ అర్హత పత్రం) చేతికి రావాలంటే కనీసం 36 నెలల్లో 4,000 గంటల సంబంధిత అనుభవం చూపాలి. రిస్క్ వైపు వెళ్లేవాళ్లకు ఎఫ్ఆర్ఎం (ఫైనాన్షియల్ రిస్క్ మేనేజర్ పరీక్ష) దగ్గరి దారి, పరీక్ష రెండు భాగాలే.

నిర్ణయానికి ముందు ఒక నెల ఇలా చేయండి. లిస్టెడ్ కంపెనీ ఒకదాని ఐదేళ్ల వార్షిక నివేదికలు తీసుకుని మూడు స్టేట్‌మెంట్లనూ ఎక్సెల్‌లో ఒకదానికొకటి కలపండి. తర్వాత పదేళ్ల ద్రవ్యోల్బణం, వడ్డీ రేట్ల డేటాతో చిన్న ఫోర్‌కాస్ట్ మోడల్ కట్టండి. ఏ పనిలో టైమ్ తెలియకుండా గడిచిందో మీకే అర్థమవుతుంది. దాంతోపాటు మీకు నచ్చిన ఉద్యోగానికి వచ్చిన ప్రకటనలు ఓ ఇరవై చదివి, ఎన్నింటిలో ఎకనామిక్స్ పీజీ తప్పనిసరి అన్నారో లెక్కపెట్టండి. రెండు మూడుకు మించకపోతే ముందు ఉద్యోగంలో చేరండి. పీజీ తర్వాతైనా చేయవచ్చు.