అబిరాటెరోన్ మొదలుపెట్టేవాళ్ల ఇంట్లో తెలుసుకోవాల్సినవి: మా నాయన అనుభవం

కావలి నుంచి అడిగిన అమ్మాయికి రాస్తున్నాను. మీ మామగారికి 71 ఏళ్లు, ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది, మూడు నెలలకోసారి వేసే హార్మోన్ ఇంజెక్షన్ ఇప్పటికే మొదలైంది అన్నారు. ఇప్పుడు అబిరాటెరోన్ 250 ఎంజీ మాత్రలు రోజుకు నాలుగు, ప్రెడ్నిసొలోన్ 5 ఎంజీ ఒకటి రాశారట. ఎప్పుడు వేయాలి, స్టెరాయిడ్ లేకుండా కుదరదా, ఇంజెక్షన్ ఉండగా మళ్లీ ఈ మాత్రలెందుకు అని మీ ప్రశ్న.

మా నాయన ఇవే మాత్రలు ఇరవయ్యారు నెలలుగా వేసుకుంటున్నాడు. నేను డాక్టర్ని కాదు. ఒంగోలులో ఉంటూ, టంగుటూరు పక్కన ఊళ్లో ఉన్న నాయన మందుల డబ్బా చూసుకునే కూతుర్ని, అంతే.

ముందు స్టెరాయిడ్ సంగతే చెబుతాను. మేము దెబ్బతిన్నది అక్కడే.

మందులు మొదలైన నాలుగో నెలలో నాయనకు జలుబు చేస్తే ఊళ్లో ఒకాయనకు చూపించుకున్నాడు. ఆయన చీటీ చూసి, "ఇది స్టెరాయిడ్, ఒళ్లు గుల్ల చేస్తుంది, ఆపెయ్యి" అన్నాడట. నాయనకు అసలే షుగర్ కొంచెం ఉంది, భయపడి ఆ చిన్న మాత్ర ఆపేశాడు. పెద్ద మాత్రలు నాలుగూ మాత్రం క్రమం తప్పకుండా వేసుకున్నాడు. నాకు చెప్పలేదు. మూడు వారాల తర్వాత ఆదివారం నేను వెళ్లేసరికి నాయన అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. చెప్పుల పట్టీ చోట చర్మం లోపలికి దిగిపోయి ఉంది. చీలమండ పైన బొటనవేలితో నొక్కితే గుంట పడింది, తీసినా అలాగే ఉండిపోయింది. పిక్కలు పట్టేస్తున్నాయి, మెట్లు ఎక్కలేకపోతున్నా అన్నాడు. బీపీ చూస్తే 184/102. మర్నాడు రక్తపరీక్షలో పొటాషియం 2.8 వచ్చింది. 3.5 అయినా ఉండాలి. మరీ తగ్గితే గుండె లయ తప్పుతుందని ఆసుపత్రిలో ఇసిజి తీసి, ఆ రోజంతా ఉంచుకున్నారు.

క్యాన్సర్ డాక్టరమ్మ కోప్పడలేదు. కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు తిండి టెస్టోస్టెరాన్. అది ఎక్కువగా వృషణాల్లో తయారవుతుంది, ఇంజెక్షన్ ఆ తయారీని ఆపుతుంది. కానీ మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు కూడా మగ హార్మోన్లను కొంత తయారుచేస్తాయి. క్యాన్సర్ కణాలు తమకు కావాల్సింది తామే చేసుకోవడం కూడా నేర్చుకుంటాయి. అబిరాటెరోన్ ఈ మూడు చోట్లా ఆ తయారీకి కావాల్సిన ఎంజైమును అడ్డుకుంటుంది. ఇంజెక్షన్ ఉండగా మాత్రలెందుకన్న మీ ప్రశ్నకు జవాబు ఇదే. మాత్రలు వచ్చాయని ఇంజెక్షన్ మానకూడదు, రెండూ కలిసే నడవాలి. వృషణాలు తీసేసే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు మాత్రం ఇంజెక్షన్ అక్కర్లేదు.

అయితే అదే ఎంజైము, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ తయారీకి కూడా కావాలి. కార్టిసాల్ తగ్గగానే మెదడు కంగారుపడి "ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి" అని అడ్రినల్ గ్రంథిని తరుముతుంది. కార్టిసాల్ దారి మూసుకుపోయింది కాబట్టి ఆ తరుముడంతా ఉప్పును, నీటిని ఒంట్లో నిలబెట్టే వేరే హార్మోన్ల మీదికి మళ్లుతుంది. దాంతో బీపీ పెరుగుతుంది, కాళ్లకు నీరు పడుతుంది, పొటాషియం పడిపోతుంది. రోజూ వేసే ఆ చిన్న ప్రెడ్నిసొలోన్ కార్టిసాల్ లోటు తీర్చి మెదడును నెమ్మదింపజేస్తుంది. అంటే మీ మామగారికి రాసింది మామూలుగా మనం భయపడే స్టెరాయిడ్ కోర్సు కాదు, అబిరాటెరోన్‌లో సగభాగం. ఒకటి మానేసి రెండోది వేసుకోవడమే ప్రమాదం. దాన్ని ఉన్నపళంగా ఆపినా ఒంటికి తట్టుకునే శక్తి ఉండదు. పెద్ద జ్వరం వచ్చినా, ఏదైనా ఆపరేషన్ అవసరమైనా, "ఈయన రోజూ ప్రెడ్నిసొలోన్ మీద ఉన్నారు" అని అక్కడి డాక్టరుకు ముందే చెప్పండి.

ఇంకొకళ్లకు రోజుకు రెండు రాశారు, మీకు ఒకటే ఎందుకు అని కంగారుపడొద్దు. ఇంజెక్షన్‌కు లొంగుతున్న దశలో మొదలుపెడితే మామూలుగా ఒకటి, ఇంజెక్షన్‌కు లొంగని దశకు వచ్చాక అయితే రెండు రాస్తారు.

ఇక వేళల సంగతి. ఈ రెండు మందులకూ నియమాలు ఎదురెదురు: అబిరాటెరోన్ ఖాళీ కడుపుతో, ప్రెడ్నిసొలోన్ తిన్నాక. అబిరాటెరోన్‌కు ముందు రెండు గంటలు, తర్వాత ఒక గంట ఏమీ తినకూడదు. నెయ్యి, నూనె ఉన్న తిండితో కలిసి పడితే మందు రక్తంలోకి పది రెట్ల దాకా ఎక్కువగా ఎక్కవచ్చు. మా నాయన పొగాకు రైతు. బ్యారన్‌లో, అంటే పొగాకు ఆరబెట్టే కొట్టంలో, ఆకు కాల్చే రోజుల్లో రాత్రుళ్లు మేలుకుని టీలు తాగడం ఆయనకు యాభై ఏళ్ల అలవాటు. రాత్రి పడుకునే ముందు వేయాలని చూశాం, కుదరలేదు. ఒకరోజు మజ్జిగ, ఒకరోజు అరటిపండు, ఏదో ఒకటి కడుపులో పడుతూనే ఉంది. చివరికి తెల్లవారుజాము అయిదింటికి కుదిరింది. లేచి ముఖం కడుక్కుని నాలుగు మాత్రలూ మంచినీళ్లతో మింగుతాడు. ఆరున్నర దాకా కాఫీ లేదు. మొదటి వారం ఆ గంటన్నర ఆయన వాకిట్లో తిరుగుతూ గడియారం చూసుకోవడం నాకింకా కళ్లముందే ఉంది. ఎనిమిదింటికి ఇడ్లీ తిన్నాక చిన్న మాత్ర. ఏదైనా రోజు మర్చిపోతే మర్నాడు మామూలు మోతాదే, రెట్టింపు వేయకూడదు.

మాత్రలు విరగ్గొట్టడం, నూరడం వద్దు. ఇంట్లో గర్భిణి ఉంటే, లేదా మీకే ఆ అవకాశం ఉంటే, ఆ మాత్రలను ఒట్టి చేతులతో ముట్టుకోకండి. కడుపులో బిడ్డకు హాని. నాయన చేతే తీయించి డబ్బాలో పెట్టించాలన్న ఈ ముక్క మాకు మొదట ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

"మా బాబాయికి టిఫిన్ తిన్నాక ఒక్కటే వేస్తున్నారు, మీ చేత నాలుగు కొనిపిస్తున్నారు" అని ఎవరో ఒకరు తప్పక అంటారు. అది అబద్ధమేమీ కాదు. తేలికపాటి టిఫిన్‌తో ఒక మాత్ర వేసినా సరిపోతుందా అని 72 మంది మీద చేసిన చిన్న అధ్యయనం 2018లో వచ్చింది, ఖర్చు భరించలేని వాళ్లకు కొందరు డాక్టర్లు ఆ పద్ధతిలో ఇస్తున్నారు. అయినా అది మీ డాక్టరు నిర్ణయించాల్సింది. ఖర్చు భారమైతే మొహమాటపడకుండా ఆయన్నే అడగండి. బ్రాండును బట్టి ధర చాలా మారుతుంది. మేము మూడు మందుల షాపుల్లో అడిగాకే తెలిసింది. జన ఔషధి కేంద్రంలో అడగండి, ప్రభుత్వ వైద్యసేవ కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రతో కూడా మాట్లాడండి.

పరీక్షలు ఎగ్గొట్టొద్దు. మొదటి మూడు నెలలు రెండు వారాలకోసారి లివర్ పరీక్ష, తర్వాత నెలకోసారి. బీపీ, పొటాషియం కూడా నెలనెలా చూడాలి. షుగర్ ఉంటే అదీ చూడాలి, ప్రెడ్నిసొలోన్ దాన్ని పెంచుతుంది. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా పసరు మందుకు పరిగెత్తకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. కాళ్లవాపుకు ఎవరైనా నీరు తీసే బిళ్ల రాస్తే దాని పేరు చూడండి. స్పైరనోలాక్టోన్ అనేది ఈ జబ్బులో వాడకూడదని మా డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. అది క్యాన్సర్ కణాన్ని మళ్లీ తట్టి లేపే అవకాశం ఉంది. నాయన జేబులో ఇప్పుడు మందుల పేర్లన్నీ రాసిన కాగితం ఒకటి ఎప్పుడూ ఉంటుంది, ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు అది తీసి చూపిస్తాడు.

వంటింట్లో మేము మార్చింది ఉప్పు ఒక్కటే. ఎండు రొయ్యలు, ఊరుమిరపకాయలు, ఆవకాయ లేనిదే ఆయనకు ముద్ద దిగదు. పూర్తిగా మాన్పించలేదు, వారానికోసారికి తెచ్చాం. బీపీలో తేడా తెలిసింది. కొబ్బరినీళ్లు, అరటిపండు పొటాషియానికి మంచివే, కానీ కిడ్నీ బలహీనంగా ఉంటే అడక్కుండా ఇవ్వకండి.

మీరు అడగనిది ఒకటుంది. హార్మోన్ తగ్గిన మగమనిషి లోపల ఏమవుతుందో ఇంట్లో ఎవరూ మాట్లాడరు. నాయనకు ఉన్నట్టుండి ఒంట్లో ఆవిర్లు వస్తాయి, డిసెంబరులో కూడా చొక్కా తడిసిపోతుంది. జబ్బలు సన్నబడ్డాయి. చిన్నమాటకు కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఒకసారి అమ్మతో "నేను మగాణ్ణేనా ఇంక" అన్నాడట. అమ్మ నాతో చెప్పి ఏడ్చింది. కూతురిగా నేను అడగలేకపోయాను, డాక్టరమ్మకు చెబితే ఆవిడే ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడారు. ఇది మందు చేస్తున్న పని, నీ లోపం కాదు అన్న మాట ఆయన చెవిన పడ్డాక మనిషి తేరుకున్నాడు. మీ అత్తగారికి ముందే చెప్పి ఉంచండి. రోజూ సాయంత్రం నడిపించండి. ఎముకలకూ, దిగులుకూ, నీరసానికీ అన్నిటికీ మాకు పనిచేసింది నడకే. ఎముకల ఇంజెక్షన్ గనక రాస్తే, దానికి ముందు పళ్ల డాక్టరుకు ఒకసారి చూపించండి.

ఎన్నాళ్లు వాడాలంటే, పనిచేస్తున్నన్నాళ్లూ. మొదట్లో నాయనకు, రక్తపరీక్షలో క్యాన్సర్ జోరును చూపే పిఎస్‌ఏ 312, మూడో నెలకు 9, ఇప్పుడు 0.6. నడుం నొప్పికి కర్ర పట్టుకున్న మనిషి ఈ ఏడాది వేలం కేంద్రానికి తన పొగాకు బేళ్ల వెంట తనే వెళ్లాడు. అందరికీ ఇలాగే ఉంటుందని నేననను, మనిషిని బట్టి మారుతుంది.

సోమవారం మొదటి డోసు అన్నారు కదా. ఆదివారం రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా పెట్టేయండి. పడుకునేలోపు బీపీ చూసి, తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాయండి. తర్వాత వచ్చే అంకెలన్నీ దానితోనే పోల్చి చూడాలి.