గడ్డి ఇటుక నడుమ బూజు ఎందుకు?

ప్రశ్న: ఈసారి వరిగడ్డి తగలబెట్టకుండా, పొడి సున్నం కలిపి ఇటుకలు చేశాం. పన్నెండు రోజులకు పైన గట్టిపడ్డాయి. ఒకటి విరిచి చూస్తే నడుమంతా నల్లగా, బూజు వాసన. వీటితో గది కట్టుకోవచ్చా?
– ఒక రైతు, సూర్యాపేట జిల్లా

జవాబు: వీటితో వద్దు. సున్నం ఘాటు ఉన్నచోట బూజు బతకదు. నడుమ పట్టిందంటే అక్కడికి సున్నం అందలేదు, లేదా సున్నమే చచ్చిపోయింది. రెండోది తేల్చడం తేలిక. చిటికెడు సున్నం మీద నిమ్మరసం పిండండి. బుసబుసా పొంగితే అది గాలి తగిలి సుద్దగా మారిపోయినట్టే. మూతి విప్పి మూలన పడేసిన బస్తా గతి అంతే.

సున్నం మంచిదైతే గడ్డిని చూడాలి. వరిగడ్డి మీద మైనం లాంటి పొర ఉంటుంది, పొడుగు పరకలకు సున్నం సరిగా అంటదు. చాఫ్ కట్టర్‌లో అంగుళం లోపు ముక్కలు కొట్టి, సున్నపు నీళ్లలో గంటసేపు నానబెట్టి వడకట్టండి. ఎండుగడ్డి కిలోకు రెండు కిలోల పొడి సున్నంతో మొదలుపెట్టి, ముందు మూడు నాలుగు ఇటుకలే చేసి చూడండి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. రబ్బరు గ్లవ్స్ మరవద్దు, తడి సున్నం చేతులు తినేస్తుంది.

అచ్చులో రెండంగుళాల మందాన పొరలుగా వేస్తూ చెక్క దిమ్మిసతో కొట్టాలి. ఒకట్రెండు రోజులకు అచ్చు విప్పి, నీడలో ఎడం ఎడంగా నిలబెట్టండి. ఎండలో పెడితే సున్నం బిగుసుకునేలోపే తడి పోయి అంచులు రాలతాయి. టార్పాలిన్ కప్పితే మళ్లీ బూజే. ఆరడానికి 15–20 రోజులు, పూర్తి గట్టిదనానికి దాదాపు నెల పడుతుంది.

ఇక గది. ఈ ఇటుక బరువు మోయదు. ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్‌లో 2021లో ఇలాంటి ఇటుకలతోనే సెక్యూరిటీ గది కట్టారు. అక్కడా బరువంతా ఇనుప చట్రానిదే. గోడలకు సిమెంటు ప్లాస్టరింగ్ చేశారు, కప్పు మీద పీవీసీ షీట్లపై ఇవే పరిచారు. మీరూ చట్రం నిలబెట్టి, మధ్య ఖాళీల్లో పేర్చుకోండి. మొదటి వరస నేలకు కనీసం అడుగున్నర ఎత్తున, రాతి కట్టుబడి మీద రావాలి. నేల చెమ్మ ఎక్కితే ఎంత మంచి ఇటుకైనా కుళ్లుతుంది, వెనకే చెదలు. చూరు రెండడుగులు బయటికి వదలండి.