డాలస్ కారుకు మిన్నెసోటా చలికాలం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

డాలస్ నుంచి మినియాపొలిస్‌కు కారు నువ్వే నడుపుకుంటూ తెచ్చుకున్నావని అత్తయ్య చెప్పింది. ఆ బండి ఇంతవరకు ఎండనే ఎరుగును. ఇక్కడ జనవరిలో మైనస్ 25 డిగ్రీల సెల్సియస్ రాత్రులు కొత్త కాదు కనుక, అక్టోబరు దాటకముందే ఈ పనులు ముగించుకో.

ముందు బ్యాటరీని పరీక్ష చేయించు. మైనస్ 18 డిగ్రీల దగ్గర దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. అదే చలికి ఆయిల్ చిక్కబడి ఇంజన్ తిరగడానికి మరింత బలం కావలసి వస్తుంది. డాలస్ వేడికి ఇప్పటికే అరిగిన నాలుగేళ్ల బ్యాటరీ ఒక తెల్లవారుజామున టిక్కుటిక్కుమని ఊరుకుంటుంది.

తరువాత బండిలో ఎక్కడెక్కడ నీళ్లున్నాయో చూడు. వేసవిలో రేడియేటర్‌లో ఎవరైనా ఉత్త నీళ్లు పోసి ఉంటే, అవి గడ్డకట్టి ఉబ్బి ఇంజన్ బ్లాక్‌నే పగలగొట్టగలవు. కూలెంట్ (రేడియేటర్‌లో పోసే, నీళ్లను గడ్డకట్టనివ్వని ద్రవం), నీళ్లు సగం సగం ఉంటే సుమారు మైనస్ 37 డిగ్రీల వరకు భయం లేదు. అలాగని నీళ్లు కలపని కూలెంట్ నింపకు; విచిత్రమేమిటంటే, అది ఈ మిశ్రమం కంటే ముందే గడ్డకడుతుంది. అద్దం కడిగే ద్రవం కూడా చలికాలానిదే పోయించు.

ఉష్ణోగ్రత ఏడు డిగ్రీల కంటే తగ్గితే మామూలు టైర్ల రబ్బరు బిగుసుకుపోయి పట్టు తగ్గుతుంది. అందుకే చలికి బిగుసుకోని వింటర్ టైర్లు వేయించు; ఖర్చుకు జంకి రెండే వేయించుకోకు. ముందు చక్రాలకే వేస్తే మలుపులో వెనక భాగం జారుతుంది. ఉష్ణోగ్రత సుమారు ఐదున్నర డిగ్రీలు తగ్గినప్పుడల్లా టైర్లలో గాలి ఒక పీఎస్‌ఐ (గాలి పీడనపు కొలత) తగ్గుతుంది కనుక, బండి కదలకముందే కొలిచి గాలి కొట్టించు.

నా మొదటి చలికాలంలో ఆఫీసుకు ఆలస్యమవుతోందని, మంచు పేరుకున్న అద్దం మీద చెంబెడు వేడినీళ్లు కుమ్మరించాను. చిట్లుమన్న చప్పుడుతో వైపర్ మూల నుంచి అద్దం నడిమి దాకా పగులు పాకింది. పలకతో మంచు గీరడానికి పది నిమిషాలు పడుతుంది, అంతే.

డిక్కీలో పార, దుప్పటి, వేరే బండి బ్యాటరీతో మన బండి స్టార్ట్ చేసుకునే జంపర్ కేబుల్స్, చక్రాల కింద చల్లడానికి ఇసుక పెట్టుకో. పెట్రోలు సగం ట్యాంకుకు తగ్గనివ్వకు. మంచులో కూరుకుపోయి హీటరు కోసం ఇంజన్ నడపవలసి వస్తే, ముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వు. అది మూసుకుంటే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. మంచు కురుస్తున్నంతసేపూ మళ్లీ మళ్లీ దిగి చూస్తూ ఉండు.

ఇట్లు,
మామయ్య