సిగ్నల్ దగ్గర న్యూట్రల్ మానేసి, ముందు గేర్ ఆయిల్ చూడండి

12 ఏళ్ల ఆటోమేటిక్ కారు, బెంగళూరులో రోజూ బీటీఎం నుంచి హెచ్‌ఎస్‌ఆర్‌కి నాలుగు కిలోమీటర్లు, సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా న్యూట్రల్, మళ్లీ డీ (డ్రైవ్)లో వేస్తే కుదుపు అన్నారు కదండీ. మీది టార్క్ కన్వర్టర్ బండి, అంటే ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే రకం. డీలోనే ఉంచి బ్రేక్ నొక్కి ఆగితే దానికేం కాదు. న్యూట్రల్ నుంచి డీలోకి వేసిన ప్రతిసారీ లోపలి క్లచ్‌లు కొత్తగా పట్టుకోవాలి, అరుగుదల అక్కడే. రెండు మూడు నిమిషాలు కదలదనుకుంటేనే న్యూట్రల్.

కుదుపుకి అసలు అనుమానం గేర్ ఆయిల్ మీద, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ఏటీఎఫ్ మీద. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) ఉంటే మాన్యువల్‌లో చెప్పినట్టు తీసి, చుక్క తెల్ల టిష్యూ మీద వేయండి. ఎర్రగా తేటగా ఉంటే సరే. కాఫీ డికాషన్ రంగులో, మాడు వాసనొస్తే మార్పించాల్సిందే, అదీ మాన్యువల్‌లో రాసిన గ్రేడే. మా పాత బండికి ‘ఏదైనా ఒకటేలే సార్’ అన్న మెకానిక్ మాట విని రెండుసార్లు ఖర్చుపెట్టాను.

ఇక ఇంజిన్. నాలుగు కిలోమీటర్లకి ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, తేమ, కాలని పెట్రోలు అందులోనే ఉండిపోతాయి. ఆయిల్ మూత కింద మీగడలాంటి నురగ కనిపిస్తే చాలావరకు ఆ తేమే. కిలోమీటర్లు చూడకండి, ఆరు నెలలకోసారి మార్చేయండి. ఆదివారం పొద్దున్నే నైస్ టోల్ రోడ్డు మీద అరగంట తిప్పండి. పొద్దున పది నిమిషాలు నిలబెట్టి వేడిచేయడం మాత్రం పెట్రోలు దండగ. అర నిమిషం చాలు, తర్వాత మెల్లగా పోనివ్వండి.

బేస్‌మెంట్ ర్యాంప్ మీద ఆపేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ ముందు, పీ (పార్క్) తర్వాత.